న్యాయ సలహా: పెప్పర్ స్ప్రే దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటిలో అడిగింది ఒకే వస్తువు గురించి. విదేశాల్లో చదువుకోవడానికి పిల్లలు బయలుదేరే రోజుల్లో ఏటా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఇంట్లో ఆడపిల్లలున్నవారికి ఇక్కడ కూడా ఇదే సందేహం ఉంటోంది. అందువల్ల మిగిలిన ఉత్తరాలను పక్కన ఉంచి, ఈ శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్. చదవడానికి ఆగస్టు చివరి వారంలో బోస్టన్ వెళ్తోంది. రాత్రిపూట లైబ్రరీ నుంచి గదికి ఒంటరిగా నడిచి రావలసి ఉంటుందని చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఒక పెప్పర్ స్ప్రే కొని సూట్‌కేసులో పెడదామనుకున్నాను. చాలా ఏళ్లుగా అక్కడే ఉంటున్న మా ఆడపడుచు కొడుకు, ఆ రాష్ట్రంలో దానికి కూడా తుపాకీకి తీసుకున్నట్టే పోలీసుల దగ్గర కార్డు తీసుకోవాలని, లేకపోతే కేసవుతుందని అంటున్నాడు. మా అమ్మాయేమో ఆ నిబంధన ఎప్పుడో ఎత్తేశారని అంటోంది. ఎవరి మాట నమ్మమంటారు?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీ మేనల్లుడు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. మీ అమ్మాయి చెప్పింది ఇప్పుడు నిజం. అయితే మీ అమ్మాయి వెళ్తున్నది విద్యార్థి వీసా మీద కాబట్టి, వీళ్లిద్దరూ చెప్పని మూడో సంగతి ఒకటి ఆమెకు వర్తిస్తుంది. అది అర్థం కావాలంటే ముందు పాత నిబంధన ఏమిటో, దాన్ని ఎలా మార్చారో చెప్పాలి.

బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆయుధాల లైసెన్సుల సంగతులన్నీ సాధారణ చట్టాల 140వ అధ్యాయంలో ఉంటాయి. అందులో మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటాలతో పాటు బాష్పవాయువు గుళికలను, మేస్ అనే రసాయనాన్ని, మనిషిని కాసేపు నిస్సహాయుణ్ణి చేసే ద్రవాన్నో వాయువునో పొడినో చిమ్మే సాధనాలన్నింటినీ చేర్చారు. దాంతో హ్యాండ్‌బ్యాగులో పట్టే పెప్పర్ స్ప్రే డబ్బా చట్టం దృష్టిలో తూటాల పెట్టెతో సమానమయింది. తూటాలు కొనడానికి ఏ కార్డు కావాలో దీనికీ అదే కార్డు కావలసి వచ్చింది. జీవితంలో తుపాకీ ముట్టుకోని స్త్రీ అయినా సరే, తన ఊరి పోలీసు శాఖకు వెళ్లి, దరఖాస్తు నింపి, వేలిముద్రలు ఇచ్చి, తన గత చరిత్రను పోలీసులు పరిశీలించే దాకా వేచి ఉండి, ఆయుధాల గుర్తింపు కార్డు తీసుకోవలసి వచ్చేది. స్ప్రే కోసం మాత్రమే ఇచ్చే కార్డుకు దరఖాస్తు రుసుము 25 డాలర్లు ఉండేది. కార్డు లేకుండా డబ్బా దగ్గర ఉంటే అది నేరం. మీ మేనల్లుడి మనసులో నిలిచిపోయింది ఈ కాలమే.

2013 జూలైలో దక్షిణ బోస్టన్‌లో ఒక యువతిని అపహరించి చంపిన ఘటన ఆ నగరాన్ని కుదిపేసింది. ఆడవాళ్లు తమను తాము కాపాడుకునే అతి చిన్న సాధనానికి కూడా ఇన్ని మెట్లు ఎక్కాలా అన్న ప్రశ్న ఆ తరువాత గట్టిగా వినిపించింది. మరుసటి ఏడాది ఆయుధాల చట్టాలను విస్తృతంగా సవరించినప్పుడు ఈ మార్పును కూడా అందులో చేర్చారు. అప్పటి గవర్నర్ డెవల్ పాట్రిక్ 2014 ఆగస్టు 13న ఆ చట్టం మీద సంతకం చేశారు. దీనితో పెప్పర్ స్ప్రే మందుగుండు నిర్వచనంలోంచి బయటికి వచ్చింది. దానికోసం అదే అధ్యాయంలో 122సి, 122డి అనే రెండు సెక్షన్లు విడిగా చేర్చారు. 18 ఏళ్లు నిండినవారికి కార్డు అవసరం లేకుండా పోయింది. 15 ఏళ్లు దాటి 18 నిండనివారు తల్లిదండ్రుల అనుమతితో కార్డు తీసుకోవాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకు అసలే కుదరదు.

కొనేవారికి కార్డు తీసేశారు గానీ, అమ్మేవారికి లైసెన్సు ఉంచారు. ఆయుధాల వ్యాపారానికి లైసెన్సు ఉన్న దుకాణదారులే దీన్ని అమ్మాలి. లైసెన్సు లేకుండా అమ్మితే 1,000 డాలర్ల వరకు జరిమానా గానీ, రెండేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కార్డు లేని మైనరుకు అమ్మితే 300 డాలర్ల వరకు జరిమానా. చాలా ఆన్‌లైన్ సంస్థలు ఆ రాష్ట్రపు చిరునామాకు పెప్పర్ స్ప్రే పంపకపోవడానికి కారణం ఇదే.

ఇక అసలు సంగతికి వస్తాను. లైసెన్సు ఎత్తివేసిన ఆ చట్టమే, ఎవరెవరు పెప్పర్ స్ప్రే కొనకూడదో, దగ్గర ఉంచుకోకూడదో 122డి సెక్షన్‌లో ఒక జాబితా ఇచ్చింది. పెద్ద నేరాల్లో శిక్ష పడినవారు, అరెస్టు వారెంటు ఉన్నవారు, గృహహింస కేసులో కోర్టు రక్షణ ఉత్తర్వు ఎవరి మీద ఉందో వారు ఆ జాబితాలో ఉన్నారు. వారిని మినహాయించడం సబబే. అదే వరుసలో, శాశ్వత నివాసార్హత లేని విదేశీయులు కూడా ఉన్నారు. అంటే గ్రీన్ కార్డు ఉంటే ఫరవాలేదు. ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థికి, హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవారికి ఈ సెక్షన్ అడ్డు వస్తుంది. నేరబాధితులకు ఇచ్చే యు వీసా వంటి కొన్ని ప్రత్యేక సందర్భాలకే సడలింపు ఉంది. ఉల్లంఘిస్తే 1,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు. డబ్బు పోవడం అటుంచండి, ఆయుధానికి సంబంధించిన కేసు ఒకటి పేరు మీద పడితే వీసా పొడిగింపులో, తరువాత ఉద్యోగంలో, తిరిగి దేశంలోకి ప్రవేశించేటప్పుడు దాని గురించి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

ఈ నిబంధనను నేను సమర్థించలేను. కొత్త ఊరు, తెలియని వీధులు, పిలిస్తే పలికే చుట్టం లేని చోటు, చేతిలో కారు లేక రాత్రిపూట నడక – ఇవన్నీ ఎక్కువగా ఎవరికుంటాయో, అంటే మన పిల్లల వంటి విదేశీ విద్యార్థినులకే, ఈ సాధనం అందకుండా చేశారు. తుపాకుల విషయంలో విదేశీయులకు పెట్టిన పరిమితిని ఆలోచన లేకుండా మిరపకారపు డబ్బాకు కూడా తగిలించారని నా అభిప్రాయం. విద్యార్థి సంఘాలు తమ రాష్ట్ర శాసనసభ్యుల దగ్గర లేవనెత్తవలసిన విషయం ఇది. కానీ చట్టం మారే దాకా, మీ అమ్మాయి దాన్ని పాటించడమే ఆమెకు క్షేమం.

మరొక పొరపాటు గురించి కూడా హెచ్చరిస్తాను. పొరుగునున్న న్యూ హాంప్‌షైర్‌లో అమ్మకపు పన్ను ఉండదు కాబట్టి లోవెల్, బోస్టన్ పరిసరాల్లోని మనవాళ్లు నాషువాకు బజారుకు వెళ్తుంటారు. అక్కడ కొనడానికి కార్డూ గీర్డూ అక్కరలేదని ఎవరైనా చెబితే, కొనే చోటు గురించి వాళ్లు చెప్పింది నిజం కావచ్చు. డబ్బాతో సరిహద్దు దాటి మసాచుసెట్స్‌లో అడుగు పెట్టిన క్షణం నుంచి వర్తించేది మసాచుసెట్స్ చట్టం. అమెరికాలో ఈ విషయమై ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. న్యూయార్క్‌లో 18 ఏళ్లు నిండినవారికి ఆయుధాల డీలరు గానీ మందుల దుకాణంలోని ఫార్మసిస్టు గానీ మనిషి చేతికి నేరుగా అమ్మాలి. కాలిఫోర్నియాలో డబ్బా రెండున్నర ఔన్సులు మించకూడదు. మీ అమ్మాయి స్నేహితురాలు మరో రాష్ట్రంలో ధైర్యంగా తీసుకుని తిరుగుతోందంటే, ఈ అమ్మాయి కూడా అలా తిరగవచ్చని అర్థం కాదు.

సూట్‌కేసు సంగతి: పెట్టవద్దు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ప్రమాదకర వస్తువుల నియమాల ప్రకారం పెప్పర్ స్ప్రేను చేతి సంచిలోనూ పెట్టకూడదు, చెక్-ఇన్ సామానులోనూ పెట్టకూడదు. అమెరికా లోపలి ప్రయాణాల్లో చెక్-ఇన్ సామానులో 118 మిల్లీలీటర్లు మించని ఒక డబ్బాకు అక్కడి విమానయాన భద్రతా నియమాలు అనుమతిస్తాయి. ఆ మాట ఎక్కడో చదివి శంషాబాద్ నుంచి కూడా తీసుకువెళ్లవచ్చనుకుని కొందరు పొరబడుతున్నారు.

మరి మీ అమ్మాయి ఏం చేయాలి? బోస్టన్‌లోని చాలా విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు విభాగాలున్నాయి. రాత్రిపూట ఫోన్ చేస్తే గది దాకా తోడు పంపే ఏర్పాటు, లేదా వ్యాన్‌లో దింపే ఏర్పాటు చాలా చోట్ల ఉచితంగా ఉంది. మన పిల్లలు మొహమాటం కొద్దీ దాన్ని వాడుకోరు. చేరిన మొదటి వారంలోనే ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోమని, పిలవడానికి వెనుకాడవద్దని చెప్పండి. పిన్ను లాగితే చెవులు చిల్లులు పడేలా మోగే చిన్న అలారం తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. దానికి ఏ లైసెన్సూ అక్కరలేదు. పెప్పర్ స్ప్రే విషయంలో తన వీసాకు ఏది వర్తిస్తుందో విశ్వవిద్యాలయ పోలీసు విభాగాన్ని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి. స్నేహితుల మాట మీద గానీ, దుకాణదారు మాట మీద గానీ ఆధారపడవద్దు.

ప్రశ్న: మా కోడలు పై చదువుకు లండన్ వెళ్తోంది. అక్కడ పెప్పర్ స్ప్రేకు లైసెన్సు ఎక్కడ ఇస్తారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, అక్కడ మామూలు మనిషికి దానికి లైసెన్సు ఇచ్చే పద్ధతే లేదు. 1968 నాటి బ్రిటన్ తుపాకుల చట్టం 5వ సెక్షన్, హానికరమైన ద్రవాన్ని గానీ వాయువును గానీ చిమ్మడానికి తయారు చేసిన ఆయుధం ఏదైనా సరే నిషిద్ధ ఆయుధమని చెబుతుంది. పెప్పర్ స్ప్రే ఆ మాటల కిందికి నేరుగా వస్తుంది. వాడకపోయినా, సంచిలో ఉంటే చాలు, అది నేరమే. గరిష్ఠ శిక్ష పదేళ్ల జైలు. కోడలు వేరే దేశంలో కొన్నది మరచిపోయి సంచిలో ఉంచుకున్నా చిక్కే. అక్కడి పోలీసులు ప్రజలకిచ్చే సమాచారంలో పూర్తిగా చట్టబద్ధమైన ఆత్మరక్షణ సాధనంగా పేర్కొనేది గట్టిగా మోగే అలారాన్నే.

కెనడాలోనూ మనుషుల మీద వాడడానికి ఉద్దేశించిన స్ప్రే నిషిద్ధమే. ఎలుగుబంట్ల కోసం అమ్మే స్ప్రేను మనుషుల కోసమని సంచిలో వేసుకుని నగరంలో తిరిగినా కేసు అవుతుంది. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం చాలా కాలంగా ఆత్మరక్షణకు అనుమతిస్తోంది. 2025 సెప్టెంబరు నుంచి నార్తర్న్ టెరిటరీ కూడా 18 ఏళ్లు నిండినవారికి ప్రయోగాత్మకంగా అనుమతించింది. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో మాత్రం అనుమతి లేదు.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటూ రాయదుర్గంలో ఉద్యోగం చేస్తున్నాను. మెట్రోలో వెళ్లి వస్తాను. షిఫ్టు ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. మన దేశంలో పెప్పర్ స్ప్రేకు లైసెన్సు కావాలా? మెట్రో తనిఖీలో తీసేసుకుంటారా?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: లైసెన్సు అక్కరలేదు. మన దేశంలో పెప్పర్ స్ప్రే మందుల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ బహిరంగంగా అమ్ముడవుతోంది. కొనేవారిని లైసెన్సు అడిగే పద్ధతి ఎక్కడా లేదు. మీరు నిశ్చింతగా సంచిలో ఉంచుకోవచ్చు.

అయితే చట్టం చదివే అలవాటు ఉన్నవారికి ఇక్కడ ఒక మెలిక కనిపిస్తుంది. దాన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. మన 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో నిషిద్ధ ఆయుధాలకు ఇచ్చిన నిర్వచనంలో, పైన బ్రిటన్ చట్టంలో చెప్పిన మాటలే, అంటే హానికరమైన ద్రవాన్నో వాయువునో చిమ్మడానికి తయారు చేసిన ఆయుధాలు అన్న మాటలే, దాదాపు అలాగే ఉన్నాయి. అవి యుద్ధానికి, అల్లర్లకు వాడే సాధనాలను దృష్టిలో పెట్టుకుని రాసిన మాటలని, తాళాల గుత్తికి తగిలించుకునే డబ్బాకు వర్తించవని మన దగ్గర పోలీసులూ అధికారులూ ఆచరణలో తీసుకుంటున్నారు. నా దృష్టిలో అదే సరైన అన్వయం. కానీ ఒకే మాటలకు ఒక దేశంలో పదేళ్ల జైలు, మరో దేశంలో మందుల దుకాణంలో అమ్మకం అనేది అధికారుల అవగాహన మీద ఆధారపడి నిలవడం మంచిది కాదు. ఎంత పరిమాణం, ఎంత గాఢత, ఏ వయసు నుంచి అనేవి స్పష్టంగా చెబుతూ కేంద్ర ప్రభుత్వం పెప్పర్ స్ప్రేను ఆ నిర్వచనం నుంచి తప్పిస్తున్నట్టు ఒక ప్రకటన జారీ చేస్తే, స్త్రీలకూ పోలీసులకూ కూడా సందేహం తీరుతుంది. మసాచుసెట్స్‌లో చేసిన పనిలో మంచి భాగం అదే: ఈ వస్తువును తూటాల జాబితాలోంచి తీసి, దానికంటూ వేరే నియమాలు రాశారు.

మెట్రో సంగతి. 2019 నవంబరు చివర శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనమెవరమూ మరచిపోలేదు. ఆ తరువాత డిసెంబరు మొదటి వారంలోనే, స్త్రీలు పెప్పర్ స్ప్రేతో ప్రయాణించడానికి అనుమతిస్తున్నట్టు అప్పట్లో హైదరాబాద్ మెట్రో రైలు సంస్థ అధిపతిగా ఉన్న ఎన్.వి.ఎస్. రెడ్డి గారు ప్రకటించారు. అంతకుముందు తనిఖీల్లో వీటిని తీసేసుకునేవారు. బెంగళూరు మెట్రో కూడా అదే సమయంలో అదే నిర్ణయం తీసుకుంది. తనిఖీ దగ్గర కొత్తగా చేరిన సిబ్బంది ఎవరైనా అభ్యంతరం చెబితే వాదన పెట్టుకోకుండా స్టేషన్ అధికారిని పిలిపించమని మర్యాదగా అడగండి. విమానాశ్రయానికి వెళ్లే రోజున మాత్రం ఇంట్లోనే తీసిపెట్టి బయలుదేరండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ స్థలం గురించి పై అంతస్తు వాళ్లతో చాలా రోజులుగా గొడవ ఉంది. మొన్న మాటామాటా పెరిగింది. అవతలి ఆయన వేలు చూపిస్తూ మీదికి వస్తున్నట్టు అనిపించి, మా వారు నా బ్యాగులోని పెప్పర్ స్ప్రే తీసి ఆయన మొహం మీద కొట్టారు. ఆయన పోలీసు కేసు పెట్టారు. లైసెన్సు అక్కరలేని వస్తువుకు కేసు ఎలా పెడతారని మా వారు అంటున్నారు. ఆత్మరక్షణ అంటే చాలదా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీకు నచ్చని జవాబే చెప్పవలసి వస్తోంది. దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కరలేకపోవడం ఒకటి, దాన్ని మనిషి మీద వాడడం మరొకటి. కూరగాయలు తరిగే కత్తికీ లైసెన్సు లేదు. దానితో గాయపరిస్తే కేసు తప్పదు.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ మొదటి భాగం, ప్రమాదకరమైన ఆయుధాలతో గానీ సాధనాలతో గానీ గాయపరచడం గురించి చెబుతుంది. పీల్చినా, మింగినా, రక్తంలోకి వెళ్లినా శరీరానికి హాని చేసే పదార్థంతో బాధ కలిగించడం కూడా అందులో ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత భారత శిక్షాస్మృతిలో ఇది 324వ సెక్షన్‌గా ఉండేది.

మీ పరిస్థితిని పోలిన కేసు ఒకటి కర్ణాటక హైకోర్టు ముందుకు వచ్చింది. ఆస్తి వివాదం నేపథ్యంలో జరిగిన గొడవలో పెప్పర్ స్ప్రే వాడినవారు, అది ఆత్మరక్షణే కాబట్టి తమ మీద పెట్టిన కేసు కొట్టివేయాలని కోరారు. 2024 మేలో న్యాయమూర్తి ఎం. నాగప్రసన్న గారు ఆ కోరికను నిరాకరించారు. పెప్పర్ స్ప్రేను ప్రమాదకరమైన ఆయుధంగా పేర్కొనే చట్టం మన దేశంలో లేదని గుర్తించి, 2018 నాటి ఒక అమెరికా కోర్టు తీర్పును ప్రస్తావించి, దాన్ని ప్రమాదకరమైన ఆయుధంగానే చూడాలన్నారు. ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉన్నట్టు కనిపించని చోట దాన్ని వాడడం మీద దర్యాప్తు జరగవలసిందేనన్నారు. ఇది విచారణ పూర్తయి దోషులని తేల్చిన తీర్పు కాదన్న సంగతి గుర్తుంచుకోండి. కేసును మొదట్లోనే తుంచివేయడానికి కోర్టు ఒప్పుకోలేదు, అంతవరకే. అయినా మీ వారి కేసులో అవతలి న్యాయవాది మొదట చూపించేది ఇదే.

ఆత్మరక్షణ హక్కు మన చట్టంలో బలంగానే ఉంది. న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లన్నీ దాని గురించినవే. తన శరీరాన్నే కాక మరొకరి శరీరాన్నీ కాపాడే హక్కు 35వ సెక్షన్ ఇస్తుంది. కానీ 37వ సెక్షన్ రెండు హద్దులు గీసింది. పోలీసులను ఆశ్రయించడానికి వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు ఉండదు. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. వేలు చూపించి అరవడం చిరాకు కలిగించవచ్చు, అవమానంగానూ అనిపించవచ్చు; అది దాడి అయిందా, లేక అప్పటికప్పుడు దాడి జరగబోతోందని మామూలు మనిషి భయపడే పరిస్థితి ఏర్పడిందా అన్నదే కోర్టు చూస్తుంది. చీకటి సందులో ఒంటరిగా ఉన్న అమ్మాయి చెయ్యి పట్టుకున్నవాడి మీద స్ప్రే కొట్టడానికి, నలుగురి మధ్య పార్కింగ్ తగాదాలో కొట్టడానికి మధ్య ఉన్న తేడా న్యాయమూర్తికి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. పైగా ఆత్మరక్షణ అని చెప్పుకునేవారే అందుకు తగిన పరిస్థితులను చూపాలని సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ చెబుతుంది. అనుమానానికి తావులేనంతగా నిరూపించనక్కరలేదు గానీ, నమ్మదగినట్టు చూపించాలి.

కాబట్టి మీరు చేయవలసిన పనులు ఇవి. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలో ఆనాటి దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని సంఘానికి ఈరోజే రాతపూర్వకంగా కోరండి. అవి మీకు అనుకూలమైనా కాకపోయినా, మీ న్యాయవాది వాటిని ముందుగా చూడాలి. అవతలి ఆయన అంతకుముందు బెదిరించినట్టు మెసేజిలు ఉంటే తీసిపెట్టండి. ఆయన ఇంటికి వెళ్లి రాజీ మాట్లాడే ప్రయత్నం మీ వారు స్వయంగా చేయవద్దు. పెద్దమనిషి ద్వారానో న్యాయవాది ద్వారానో చేయండి. స్ప్రే డబ్బాను పారవేయవద్దు. సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో ఆరోపణకు తావివ్వకూడదు.

మరొక మాట చెప్పడానికి అనుమతించండి. ఆ డబ్బా కొన్నది మీ రక్షణ కోసం. ఇలాంటి కేసులు పెరిగితే, రేపు ప్రభుత్వం నిబంధనలు బిగించాలనుకున్నప్పుడు వాటినే కారణంగా చూపుతుంది. అప్పుడు నష్టపోయేది రాత్రిపూట ఒంటరిగా ఇంటికి చేరవలసిన ఆడపిల్లలు.

ప్రశ్న: నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాన్నగారు పెప్పర్ స్ప్రే కొనిచ్చారు. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. మిరియాల పొడితో చేస్తారంటారు, నిజమేనా? లిఫ్టులో వాడితే నాకేమైనా అవుతుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: పేరులో పెప్పర్ అని ఉన్నా అందులో మిరియాలు ఉండవు తల్లీ. ఉండేది మీ ఊరి యార్డులో గుట్టలు పోసే ఎండుమిరపకు చెందిన సారమే. మిరపకు ఆ మంట ఇచ్చే కాప్సైసిన్ అనే పదార్థాన్ని నూనె రూపంలో తీసి, ఒత్తిడితో డబ్బాలో నింపుతారు. కళ్లకు తగిలితే రెప్పలు వాటంతటవే మూసుకుంటాయి, దగ్గు వస్తుంది, శ్వాస ఇబ్బందిగా ఉంటుంది. సాధారణంగా అరగంట నుంచి ముప్పావు గంటలో తగ్గుముఖం పడుతుంది. ఆస్తమా ఉన్నవారికి మాత్రం ప్రమాదం ఎక్కువ.

మూసి ఉన్న చోట అది ఎలా పాకుతుందో మన రాష్ట్ర చరిత్రలోనే ఒక రోజు దేశమంతా చూసింది. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ప్రవేశపెట్టే సమయంలో అప్పటి విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ గారు పెప్పర్ స్ప్రే కొట్టారు. అంత విశాలమైన సభలో దూరంగా కూర్చున్న సభ్యులు కూడా దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లవలసి వచ్చింది. కొందరిని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. లిఫ్టులోనో తలుపులు మూసిన కారులోనో కొడితే ఎదుటివాడితో పాటు నీకూ తగులుతుంది. అలాంటి చోట్లకు పొగలా విస్తరించే రకం కంటే, సన్నని ధారలా వెళ్లే రకం గానీ జెల్ రకం గానీ మేలు. ఆరుబయట అయితే గాలి నీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, చెయ్యి చాచి, కళ్లకు గురిపెట్టి ఒకటి రెండు సెకన్లు కొట్టి, వెంటనే జనం ఉన్న వైపు పరుగెత్తాలి. అక్కడే నిలబడి ఫలితం చూడకూడదు. దూరం వెళ్లిన తరువాత 112కు ఫోన్ చెయ్యి. నువ్వే ముందు ఫిర్యాదు చేయడం చట్టరీత్యా కూడా నీకు బలం.

డబ్బా అడుగున గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గి, అవసరమైన క్షణంలో ధార చేరవలసినంత దూరం చేరదు. కొన్న మొదటి రోజే ఖాళీ స్థలంలో, గాలివాటు చూసుకుని, ఒకసారి నొక్కి చూడు. భద్రతా మూత ఎటు తిరుగుతుందో వేలికి అలవాటు కావాలి. డబ్బాను పుస్తకాల కింద కాకుండా, చెయ్యి పెట్టగానే తగిలే అరలో ఉంచుకో. పొరపాటున నీకే తగిలితే కళ్లు నులుముకోవద్దు. కాంటాక్టు లెన్సులుంటే తీసేసి, ధారగా పారే చల్లని నీళ్లతో పది పదిహేను నిమిషాలు కడుగుతూ రెప్పలు ఆడించు. చర్మానికి అంటిన నూనె పోవడానికి చంటిపిల్లలకు వాడే షాంపూ పనికొస్తుంది. మంట తగ్గాలని నూనె గానీ వెన్న గానీ రాయవద్దు. గంట దాటినా చూపు మసకగానే ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.